పీకే, చునీ, బలరాం: ఆ మూడో పేరు సంగతి

మీ ప్రశ్న ఇది: యాభైలు, అరవైల నాటి భారత ఫుట్‌బాల్ గురించి ఎవరు మాట్లాడినా పీకే బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం అని ముగ్గురినీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. మొదటి ఇద్దరి గురించి కావలసినంత దొరుకుతుంది. మన సికింద్రాబాద్ మనిషి గురించి మాత్రం నాలుగు వాక్యాలు దాటవు. ఆయన నిజంగా ఆ ఇద్దరి సరసన నిలిచే ఫార్వర్డేనా, లేక మనవాడన్న అభిమానంతో మనమే అక్కడ కూర్చోబెట్టుకున్నామా?

నిలిచేవాడే. ఆ పేర్లను కలిపింది మనం కాదు, కలకత్తా వాళ్లు. ఫుట్‌బాల్ విషయంలో వాళ్లు బయటివాణ్ణి ఊరికే నెత్తిన పెట్టుకునే రకం కాదు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 1961లో అర్జున అవార్డులు మొదలైనప్పుడు ఫుట్‌బాల్ నుంచి తొలి పేరు పీకే. 1962లో బలరాం. చునీ వంతు 1963లో వచ్చింది. ఆ రోజుల్లో ఆటను కళ్లారా చూసినవాళ్ల దృష్టిలో ఈయన ఎక్కడున్నాడో ఆ వరుసను బట్టే తెలుస్తుంది. మూడో పేరుగా మిగిలిపోవడం తర్వాత జరిగిన సంగతి. దానికి కారణాలు మైదానం లోపల కొన్ని, బయట కొన్ని.

గోల్స్ పట్టిక ముందేసుకుని బలరాంని తూస్తే తేలడు. నేను పిల్లలకు ఆట నేర్పే రోజుల్లో కూడా ఇదే గొడవ. ఎన్ని గోల్స్ కొట్టాడన్నదే అడుగుతారు గానీ ఎవరి మీద కొట్టాడు, ఎక్కడ నిలబడి కొట్టాడు అని అడగరు. ఆ రెండూ అడగకపోతే బలరాం అర్థం కాడు. అందుకే పుట్టుక దగ్గర కాకుండా 1960 రోమ్ ఒలింపిక్స్ దగ్గర మొదలుపెడతాను.

ఆ ఒలింపిక్స్‌లో మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. నాలుగు గ్రూపులు, ఒక్కో దాంట్లో మొదటి జట్టే సెమీస్‌కి. పీకే కెప్టెన్, సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్. తొలి మ్యాచ్ ఆగస్టు 26న లాక్విలాలో హంగరీతో. అప్పట్లో ఒలింపిక్స్ అమెచ్యూర్లకే, అంటే ఆటను జీతానికి ఆడనివాళ్లకే. అయితే హంగరీ, యుగోస్లావియా లాంటి దేశాల్లో కాగితం మీద అందరూ అమెచ్యూర్లే కాబట్టి, పశ్చిమ దేశాలు రెండో మూడో వరుస జట్లను పంపితే వీళ్లు బలమైన జట్లను దింపేవాళ్లు. ఆ హంగరీలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఏడేళ్ల తర్వాత యూరప్‌లో ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ అందుకున్నవాడు. యానోస్ గోరోచ్ ఉన్నాడు. వాళ్లిద్దరూ చెరో గోల్ కొట్టారు. మ్యాచ్ ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా బలరాం ఒకటి తిరిగి ఇచ్చాడు. 2-1తో ఓడిపోయాం.

ఓటమే కదా అంటారు. సరే, అదే హంగరీ మిగతా రెండు మ్యాచ్‌లలో ఏం చేసిందో చూడండి. పెరూని 6-2తో, ఫ్రాన్స్‌ని 7-0తో చితక్కొట్టింది. మూడు మ్యాచ్‌లలో పదిహేను గోల్స్ వేసిన జట్టు మన మీద వేసింది రెండే. చివరికి కాంస్యం తీసుకుపోయింది. అంత జట్టు మీద మనకున్న ఒకే ఒక్క గోల్ బలరాంది.

ఫ్రాన్స్‌తో 1-1 డ్రాని మనవాళ్లు ఎక్కువగా తలుచుకుంటారు. పీకే గోల్‌తో ముందుకెళ్లాం, చివర్లో ఫ్రాన్స్ సమం చేసింది. మంచి ఫలితమే, కాదనను. కానీ అది ఫ్రాన్స్ అమెచ్యూర్ జట్టు. 1958 వరల్డ్ కప్‌లో మూడో స్థానం తెచ్చుకున్న జట్టు కాదు. నన్నడిగితే రోమ్‌లో మనం ఆడిన గొప్ప మ్యాచ్ హంగరీతో ఓడిపోయినదే. ఆఖర్న పెరూ చేతిలో 3-1తో ఓడాం. ఆ ఒక్క గోలూ బలరాందే. అంటే రోమ్‌లో భారత్ మొత్తం మీద కొట్టినవి మూడు, అందులో రెండు ఆయనవి. ఒలింపిక్స్ ప్రధాన పోటీల్లో ఫుట్‌బాల్ ఆడడం మనకు అదే ఆఖరు. ఆ తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ అర్హత దక్కలేదు.

ఇక ఎక్కడ నిలబడి కొట్టాడన్నది. ఈ కాలం వాళ్లకు తికమక పెట్టేది ఇదే. అప్పట్లో ముందువరుసలో ఐదుగురు. కుడి గీత పక్కన అవుట్‌సైడ్ రైట్, లోపలగా ఇన్‌సైడ్ రైట్, నడుమ సెంటర్ ఫార్వర్డ్, ఆ పక్కన ఇన్‌సైడ్ లెఫ్ట్, ఎడమ గీత వెంట అవుట్‌సైడ్ లెఫ్ట్. చొక్కా మీద 7 నుంచి 11 వరకు అంకెలు ఈ వరుసలోనే. ఇన్‌సైడ్ ఆటగాళ్లు తమ వెనక నడుమ ఆడే హాఫ్ బ్యాక్‌ల దగ్గర బంతి అందుకుని దాడిని అల్లేవాళ్లు. గోల్ చూసే వీలు, పాస్ ఎంచుకునే స్వేచ్ఛ వాళ్లకెక్కువ. అవుట్‌సైడ్ వాళ్లకు గీతే తోడు. బంతి వచ్చేదాకా ఆగాలి, వచ్చాక అటు కాపు కాసే ఫుల్‌బ్యాక్‌ని దాటుకుని గోల్ ముందుకి సెంటర్ చేయాలి.

బలరాం స్వతహాగా లోపలి ఆటగాడు. ఇన్‌సైడ్ లెఫ్ట్, లేదంటే సెంటర్ ఫార్వర్డ్. చిక్కేమిటంటే చునీ కూడా ఇన్‌సైడ్ లెఫ్టే. ఇద్దరినీ ఒకే జట్టులో ఇరికించాలంటే ఒకరు పక్కకు జరగాలి. జరిగింది బలరాం. కుడి వింగ్‌లో పీకే వేగానికి, షాట్‌కి తిరుగులేదు, ఆ చోటు ఎవరూ ముట్టుకోలేనిది. కాబట్టి ఈయన ఎడమ గీత పక్కకు వెళ్లాడు. భారత్ తరఫున ఆయన ఆటలో సింహభాగం అక్కడే గడిచింది. పీకే, చునీ తమకు సొంతమైన చోట్ల ఆడి పేరు తెచ్చుకున్నారు. బలరాం తనది కాని చోట ఆడి వాళ్ల సరసన నిలబడ్డాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న వాదన నాకు పెద్దగా రుచించదు గానీ, వాదించేవాళ్లు ఈ సంగతి వదిలేసి వాదిస్తే మాత్రం ఒప్పుకోను.

రహీం అలా జరపగలిగాడంటే ఆ కుర్రాడికి రెండు కాళ్లూ సమానంగా పలికేవి కాబట్టి. దానికి మూలం హైదరాబాద్‌లో ఉంది.

రహీం సాహెబ్ వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఆ జట్టుదే. కలకత్తా జట్లు తమ ముందు ఇంకెవరూ లేరనుకుంటున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నిబంధనతో కుర్రాళ్లకు పోటీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ మాత్రమే ఇవ్వాలన్న పోటీలు ఇంకొన్ని. బంతిని కాలికి అంటించుకుని తిరగడమే ఆటగా చలామణీ అవుతున్న దేశంలో ఈయన బంతిని వదలడం నేర్పాడు. బార్సిలోనా శిక్షణ పద్ధతి అని ఇవాళ మనం ఎగబడి చదువుతున్న దాంట్లో సగం అప్పట్లో మన ఊళ్లో పంతులుగారి పాఠమే. దాన్ని మనమే నిలబెట్టుకోలేదు, అది వేరే బాధ.

బలరాం పుట్టింది 1936లో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ దాపున అమ్ముగూడలో. పేద కుటుంబం. చుట్టూ మిలిటరీ వాళ్లు, వాళ్ల మైదానాలు, వాళ్ల మ్యాచ్‌లు. ఆట అలా అంటుకుంది. మొదట స్థానిక జట్లకు ఆడుతుండగా రహీం కంట పడ్డాడు. శిక్షణకు రమ్మంటే, రోజూ హైదరాబాద్ దాకా రావడానికి తన దగ్గర డబ్బుల్లేవన్నాడు. కిరాయి సైకిల్‌కని రోజుకో రూపాయి రహీం ఏర్పాటు చేశాడు. ఈ సంగతి బలరాం పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు. అమ్ముగూడ నుంచి నగరం నడిబొడ్డుకి ఎంత దూరమో సికింద్రాబాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ప్రాక్టీసుకు ముందే ఒక ప్రాక్టీసు అయిపోయేది.

1956లో ఇరవయ్యేళ్ల వయసుకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. ఒక్కడే కాదు, తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అందరూ హైదరాబాద్ ఆటను ఒంటబట్టించుకున్నవాళ్లే. తమాషా ఏమిటంటే, ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, డిసెంబరు మొదట్లో వీళ్లు మెల్‌బోర్న్‌లో ఆడుతున్నారు. ఏ రాష్ట్రం తరఫున పైకొచ్చారో ఆ రాష్ట్రమే తిరిగొచ్చేసరికి లేదు. అయినా ఆ సీజన్ రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరుతోనే గెలిచారు, బలరాం ఆ జట్టులో ఉన్నాడు. ఫుట్‌బాల్ పటంలో ఆ పేరు ఇంకొన్నాళ్లు బతికింది.

మెల్‌బోర్న్ గురించి కాస్త తూకంగా మాట్లాడాలి. నాలుగో స్థానం, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా దేశం, ఇవన్నీ నిజం. అయితే హంగరీ తప్పుకోవడంతో తొలి రౌండు ఆడకుండానే దాటాం. అక్కడికొచ్చినవే పదకొండు జట్లు. ఆస్ట్రేలియాని 4-2తో ఓడించాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో యుగోస్లావియా మీద మళ్లీ నెవిల్ గోల్‌తో ముందుకెళ్లి 4-1తో ఓడిపోయాం. గమనించవలసింది ఈ స్కోరునే. అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకీ ఒలింపిక్స్‌లో, మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడినప్పుడు, ఇదే యుగోస్లావియా 10-1తో కొట్టింది. పది నుంచి నాలుగుకి దిగిన ఆ తేడాయే రహీం చేసిన పని. బలరాం ఆ తేడాలో పెరిగిన తరం.

1957లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ బలరాంని తీసుకుపోయింది. హైదరాబాద్ ఆటగాళ్లు కలకత్తా వెళ్లడం అప్పటికే ఉన్నదే. తర్వాత నయీముద్దీన్, హబీబ్ వరకు ఆ బాట ఆగలేదు. ఎందుకు వెళ్లేవాళ్లని మీరు అడగలేదు గానీ చెప్తాను: ఇక్కడ ఆట ఉంది, జనమూ ఉన్నారు, కానీ అక్కడున్నంత లీగ్, డబ్బు, ఉద్యోగాలు లేవు. ఈస్ట్ బెంగాల్ అభిమానుల్లో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి విభజన తర్వాత వచ్చిన కుటుంబాల వాళ్లు. ఊరు పోగొట్టుకున్నవాళ్లకు ఆ ఎరుపు, పసుపు చొక్కా ఎంతటిదో ఊహించుకోండి. వాళ్లకు ఈ దక్కన్ కుర్రాడు సొంతవాడైపోయాడు.

ఆ క్లబ్బులో ఆయన చోటు ఆయనది. లోపల ఆడాడు, గోల్స్ కొట్టాడు. 1958లో కలకత్తాలో జరిగే ఐఎఫ్‌ఏ షీల్డ్, 1960లో ఎదురు క్లబ్బు మోహన్ బగాన్‌తో ఉమ్మడిగా డ్యూరాండ్ కప్. ఇక 1961 ఆయన సంవత్సరమే. కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు, అదే లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికంటే ముందున్నాడు. ఆ ఏడాది షీల్డ్ కూడా మోహన్ బగాన్‌తో పంచుకున్నారు. ఈస్ట్ బెంగాల్ తరఫున మొత్తం నూరు దాటాయి ఆయన గోల్స్. ఎడమ గీత పక్కన మాత్రమే చూసినవాళ్లు "బలరాంకి గోల్స్ తక్కువ" అంటారు. లోపల ఆడనిస్తే ఏం చేసేవాడో కలకత్తా మైదాన్‌కి తెలుసు. ఒక ముచ్చట: 1962 రోవర్స్ కప్ ఈస్ట్ బెంగాల్, ఆంధ్రా పోలీస్ (పాత హైదరాబాద్ పోలీస్ జట్టే) ఉమ్మడిగా పంచుకున్నాయి. ఆయన కొత్త ఇల్లూ పాత ఇల్లూ అన్నమాట. ఆ ఫైనల్ గురించి మన వైపు ఎవరైనా వివరంగా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకో సంగతి. ఈ ముగ్గురూ మూడు వేర్వేరు క్లబ్బుల వాళ్లు. చునీ జీవితాంతం మోహన్ బగాన్, పీకే ఈస్టర్న్ రైల్వే, బలరాం ఈస్ట్ బెంగాల్. ఏడాది పొడవునా ఒకరి మీద ఒకరు ఆడుతూ, దేశం జట్టుకొచ్చేసరికి ఒకే వరుసలో నిలబడేవాళ్లు. క్లబ్బులో రోజూ కలిసి ఆడేవాళ్లకు కుదిరే అవగాహన వీళ్లకు శిబిరాల్లో కుదరాలి. కుదిరిందంటే కోచ్‌ది సగం ప్రతిభ, గీత పక్కకు జరగడానికి అభ్యంతరం పెట్టని మనిషిది మిగతా సగం.

అది పూర్తిగా పండింది 1962 జకార్తా ఆసియా క్రీడల్లో. అంతకుముందు 1958 టోక్యోలో నాలుగో స్థానం, 1959లో మలయాలో మెర్డెకా టోర్నీ రన్నరప్. బాగానే ఉన్నాయి, చేతికి అంది జారిపోయినవి. జకార్తాలో కూడా దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమితో మొదలుపెట్టాం. తర్వాత థాయిలాండ్ మీద 4-1, అందులో బలరాంది ఒకటి. జపాన్ మీద 2-0, అందులోనూ ఆయనది ఒకటి. ఆ జపాన్ మ్యాచ్ పోయుంటే సెమీస్ లేదు, ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే స్వర్ణమూ లేదు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2.

ఫైనల్ మళ్లీ కొరియాతోనే, సెప్టెంబరు 4న. దాదాపు లక్ష మంది, అందరూ మనకు వ్యతిరేకమే. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోతే మన ప్రతినిధి జీడీ సోంధీ దాన్ని తప్పుపట్టాడు. దాంతో ఊరు ఊరంతా భగ్గుమంది, మన రాయబార కార్యాలయం మీద కూడా పడ్డారు. జట్టు పరిస్థితీ అంతంతమాత్రమే. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలమీద కుట్లు. రహీం అతణ్ణి వెనక ఆడించకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్ గోల్‌లోకి తిరిగొచ్చాడు. ముందువరుస: పీకే, హైదరాబాద్ పోలీస్ యూసుఫ్ ఖాన్, జర్నైల్, చునీ, బలరాం. మొదటి ఇరవై నిమిషాల్లోనే పీకే ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో స్వర్ణం. 1951 తర్వాత అది రెండోది, మూడోది ఇంకా రాలేదు.

ఆ ఫైనల్ స్కోరులో బలరాం పేరు లేదు. కథ చెప్పేవాళ్లు పీకే గోల్ చెబుతారు, కుట్ల తలతో జర్నైల్ కొట్టిన గోల్ చెబుతారు, కెప్టెన్ చునీ పతకం అందుకోవడం చెబుతారు. గ్రూపులో జపాన్ మీద గోల్ దాకా ఎవరూ వెనక్కి వెళ్లరు. మూడో పేరు వెనకబడడం అక్కడి నుంచే మొదలైంది.

మిగతాది ఒంట్లో బాగోలేకపోవడం వల్ల. 1963లో బీఎన్ఆర్ రైల్వే జట్టుకి మారాడు. ఆ ఏడే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుని ఆట ఆగిపోయింది. అప్పటికి నిండా ఇరవై ఏడేళ్లు. ఫార్వర్డ్‌కి ఆట ముదిరే వయసు అది. అదే ఏడాది జూన్‌లో రహీం సాహెబ్ క్యాన్సర్‌తో పోయాడు. జకార్తా నాటికే ఆయనకు ఆ జబ్బుంది. 1964 ఆసియా కప్‌లో రన్నరప్‌గా నిలిచిన భారత జట్టులో బలరాం లేడు.

పీకే ఆ తర్వాత కోచ్‌గా ఇంకో జీవితం జీవించాడు, కలకత్తా రెండు పెద్ద క్లబ్బులకూ ట్రోఫీలు తెచ్చాడు, దేశం జట్టుకీ కోచ్‌గా ఉన్నాడు, టీవీలో కనిపించాడు. చునీ క్రికెట్‌లోకి దూకి బెంగాల్ రంజీ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఇద్దరూ జనం కళ్లముందే ఉన్నారు. బలరాం కొంతకాలం కోచింగ్, కొంతకాలం సెలెక్టర్ పని చేసి హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చాయి. ఈయనకు రాలేదు, ఆ బాధ ఆయన దాచుకోలేదు. తన పాత క్లబ్బు మీద కూడా అలిగాడు, తను పోయాక దేహాన్ని అక్కడికి తీసుకెళ్లొద్దన్నంతగా. కొందరు దీన్ని మొండితనం అంటారు. కావచ్చు. జట్టు కోసం గీత పక్కకు జరగమంటే జరిగినవాడు, పతకాల పంపకంలోనూ పక్కకు జరగమంటే ఒప్పుకోకపోవడం నాకైతే వింతగా అనిపించదు.

2020 మార్చిలో పీకే, ఏప్రిల్‌లో చునీ వెళ్లిపోయారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో. అదే ఏడు ఆగస్టులో మన హబీబ్ కూడా.

మీరు చివర్లో అడిగినది ఒకటి మిగిలింది: ఇవాళ్టి 4-3-3లో (వెనక నలుగురు, నడుమ ముగ్గురు, ముందు ముగ్గురు) అయితే ఆయన్ని ఎక్కడ ఆడిస్తారని. ఎడమ వింగ్‌లో మాత్రం పెట్టను. అందరూ అక్కడే పెడతారు, రికార్డుల్లో అలాగే ఉంది కాబట్టి. నేనైతే మిడ్‌ఫీల్డ్ ముగ్గురిలో ముందుండే వాడిగా, ఎడమ వైపు వంగి, సెంటర్ ఫార్వర్డ్ ఖాళీ చేసిన చోటుకి ఎప్పుడైనా దూసుకుపోయే స్వేచ్ఛతో ఆడిస్తాను. రెండు కాళ్లతో షాట్, ఒక్క టచ్‌తో పాస్, వెనక్కి దిగి బంతి తెచ్చుకునే ఓపిక ఉన్నవాడికి గీత పక్కన పని తక్కువ. చునీ కూడా అదే జట్టులో ఉంటే ఏం చేస్తారంటారా? ఈసారి చునీని జరగమంటాను.